తల్లి కనిపించే బొమ్మా, నల్లటి పట్టీలా?

మాదాపూర్ ఆర్ట్ గ్యాలరీ నుంచి వస్తూ ఇరానీ హోటల్లో నేనూ మా బావా వాదన పెట్టుకున్నాం. యుద్ధం వద్దని చెప్పడానికి ఏ బొమ్మ గట్టిది?

బావ ఓటు పికాసో ‘గెర్నికా’కి. 1937 ఏప్రిల్ 26న జర్మన్, ఇటాలియన్ విమానాలు స్పెయిన్‌లోని గెర్నికా అనే ఊరిపై బాంబులు కురిపించాయి; ఆ బొమ్మ దాని మీదే. దాదాపు 8 మీటర్ల వెడల్పు కాన్వాసు. చచ్చిన బిడ్డను పట్టుకుని అరిచే తల్లి, కేకపెట్టే గుర్రం. ఆకారాలు వంకరపోయినా అర్థం కాకపోవడమంటూ ఉండదు.

నా ఓటు అమెరికన్ చిత్రకారుడు రాబర్ట్ మదర్‌వెల్‌కి. ఆ బాంబులు పడ్డ స్పెయిన్ అంతర్యుద్ధం మీదే 1948లో మొదలుపెట్టి, ‘ఎలిజీ టు ద స్పానిష్ రిపబ్లిక్’ (స్పెయిన్ రిపబ్లిక్‌కు విలాపగీతం) పేరుతో దశాబ్దాలపాటు వందకు పైగా బొమ్మలు వేశాడు. మనుషుల్లేరు. తెల్లటి నేల మీద నల్లటి నిలువు పట్టీలు, వాటి మధ్య నలిగిపోతున్న కోడిగుడ్డు ఆకారాలు.

“ఇదేంట్రా, తారు ఒలికిందా?” అన్నాడు బావ, నా ఫోన్ దూరంగా పట్టుకుని.

పేరు తీసేస్తే అది నిరసనని తెలియదు, ఒప్పుకుంటాను. కానీ గెర్నికాలో ఏడ్చేది ఆ తల్లి. ఇక్కడ ఎవరూ లేరు కాబట్టి ఊపిరాడనిది చూసేవాడికే. పొద్దున టీవీలో చూసిన ఊరు కూడా అందులో పట్టేస్తుంది.

బావ మళ్లీ ఫోన్ తీసుకుని జూమ్ చేశాడు. చాయ్ చల్లారింది. హాల్లో ఏది పెట్టాలని అక్కకు ఫోన్ చేస్తే, రెండూ వద్దంది.