ఏనుగు సీల్ ఎక్కడ తింటోంది? మూవ్‌హెచ్‌ఎంఎం రివ్యూ

జంతువుల శాటిలైట్ ట్రాకులతో పనిచేసేవాళ్లకి ఆర్‌లో (గణాంకాలకి వాడే ప్రోగ్రామింగ్ భాష) ఉచితంగా దొరికే ప్యాకేజీ మూవ్‌హెచ్‌ఎంఎం. హిడెన్ మార్కోవ్ మోడల్‌తో (హెచ్‌ఎంఎం), కదలికని బట్టి జంతువు ఏ స్థితిలో ఉందో అంచనా వేస్తుంది. మామూలుగా చూసేది రెండే: వరుస లొకేషన్ల మధ్య దూరం, తిరిగిన కోణం. సీల్ తిన్నగా దూరదూరం పోతుంటే ప్రయాణం, ఒకేచోట మెలికలు తిరుగుతుంటే బహుశా వేట. నా ఏనుగు సీల్ ట్రాక్‌ని ఇందులో పెడితే, ఖండతీరపు అరుగు (తీరాన్ని ఆనుకుని లోతు తక్కువగా ఉండే సముద్రం) అంచు దాటగానే ప్లాట్‌లో స్థితిని చూపే రంగు మారింది. భలే ముచ్చటేసింది.

అసలు చాకిరీ డేటా తయారీలోనే. లొకేషన్లు సమాన వ్యవధిలో ఉండాలి, ఆర్గోస్ (ట్యాగుల లొకేషన్ చెప్పే శాటిలైట్ వ్యవస్థ) నుంచి అలా రావు. పైగా ఆర్గోస్ ఇచ్చే నాణ్యత గ్రేడుల్లో క్లాస్ 3 లొకేషన్‌లో తప్పు 250 మీటర్లలోపే, క్లాస్ 0లో 1500 మీటర్లు దాటుతుంది. ముందు క్రాల్ లాంటి ప్యాకేజీతో సరిచేయకపోతే ఆ తప్పే మెలికల్లా కనబడి లేని వేటని చూపిస్తుంది.

మోడల్‌కి ప్రారంభ విలువలు (ఒక్కో స్థితిలో దూరం, కోణం సుమారుగా ఎలా ఉంటాయో) మనమే ఇవ్వాలి, నాకు టెన్షన్ అక్కడే. రకరకాల విలువలతో నడిపి, లైక్లీహుడ్ (మోడల్ డేటాకి ఎంత బాగా సరిపోయిందో చెప్పే కొలత) ఎక్కువ వచ్చినదాన్ని తీసుకోండి.

ఇంకో చిక్కు: ఏనుగు సీల్ నీళ్లలోకి మెల్లగా జారుతూ నిద్రపోతుంది. పైనుంచి చూస్తే అదీ వేటలాగే ఉంటుంది. డైవ్ లోతులు కూడా ఉంటే మొమెంటుహెచ్‌ఎంఎంకి మారడం మంచిది, అది అలాంటి అదనపు డేటానీ తీసుకుంటుంది.