మలకాఫ్ గొయ్యి పక్కన రెండు రాత్రులు

కాలిఫోర్నియాలోని పాత బంగారు గని మలకాఫ్ డిగ్గిన్స్‌కి వెళ్లేటప్పుడు, నెవాడా సిటీ ఊరు దాటాక ఫోన్ చూపించే దగ్గరి దారిని నమ్మకండి. నార్త్ బ్లూమ్‌ఫీల్డ్ రోడ్డు మ్యాపులో పొట్టిగానే ఉంటుంది. తీరా ఎక్కాక మట్టిదారి, ఒక పక్క లోయ, ఎదురుగా బండి వస్తే వెనక్కి తోలాల్సినంత ఇరుకు. మేం తెలియక ఆ దారినే వెళ్లాం. అమ్మ కళ్లు మూసుకుని వెంకటేశ్వరస్వామిని తలుచుకుంటూ కూర్చుంది. హైవే 49 మీద ఉత్తరంగా 11 మైళ్లు వెళ్లి, టైలర్ ఫుట్ క్రాసింగ్ రోడ్డులోకి కుడివైపు తిరిగితే చుట్టే కానీ, ప్రాణానికి నిమ్మళం. తిరుగు ప్రయాణం అటే వచ్చాం. సిగ్నల్ ముందే పోతుంది కాబట్టి దారి కాగితం మీద రాసి పెట్టుకోండి. పెట్రోలు, ఐసు, మందులు అన్నీ నెవాడా సిటీలోనే తీసుకోండి.

మలకాఫ్ డిగ్గిన్స్ స్టేట్ హిస్టారిక్ పార్కు కాలిఫోర్నియాలోని సియెరా నెవాడా కొండల్లో ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో మా స్నేహితులు ఎక్కువమంది బంగారం చరిత్ర చూడాలంటే కొలోమా వెళతారు. 1848 జనవరి 24న జేమ్స్ మార్షల్‌కి మొదట బంగారం కనిపించిన చోటు అదే. చిన్నపిల్లలుంటే నేనూ కొలోమాకే ఓటేస్తాను. నది పక్కనే ఉంటుంది, కడుపు నింపుకోవడానికి చోట్లున్నాయి. కానీ పార్కు లోపల టెంటు వేయనివ్వరు, బయట ప్రైవేటు క్యాంపుల్లో దిగాలి. గ్రాస్ వ్యాలీలోని ఎంపైర్ మైన్ పగటిపూట చూసి వచ్చేయాల్సిన చోటు. గని పక్కనే రాత్రి నిద్రపోవాలంటే మాత్రం మలకాఫే.

ఛూట్ హిల్ క్యాంపులో 30 చోట్లున్నాయి. పైన్ చెట్ల మధ్య ఒకదానికొకటి దూరంగా ఉన్నాయి కాబట్టి పక్కవాళ్ల మాటలు వినపడలేదు. ప్రతి చోటా బల్ల, నెగడు గుంట ఉన్నాయి. స్నానాల గదులు లేవు. ఎలుగుబంట్లు తిరిగే అడవి కావడంతో తిండితోపాటు టూత్‌పేస్టు కూడా ఇనప పెట్టెలో పెట్టి గడియ వేయాలి. అమ్మ తెచ్చిన మాగాయ జాడీ కూడా రాత్రంతా అందులోనే ఉంది. ఎండాకాలంలో మంటలు నిషేధిస్తుంటారు కాబట్టి గ్యాస్ పొయ్యి తప్పనిసరి. మే నెలాఖరులో వెళ్లినా తెల్లవారుజామున వణికిపోయాం. ఒకే దుప్పటితో వస్తే కష్టం.

అమ్మకి నేల మీంచి లేవడం ఇబ్బందైంది. పెద్దవాళ్లుంటే పార్కులోనే ఉన్న పాత గని ఊరు నార్త్ బ్లూమ్‌ఫీల్డ్‌లో అద్దెకిచ్చే చెక్క క్యాబిన్లే మేలు. వాటిలో కరెంటు ఉండదు, కట్టెల పొయ్యే దిక్కు. అయినా మంచం ఉంటుంది, తలుపు ఉంటుంది. అవి త్వరగా నిండిపోతాయి కాబట్టి ముందే బుక్ చేసుకోండి. మళ్లీ వెళితే నేను క్యాబినే తీసుకుంటాను.

నార్త్ బ్లూమ్‌ఫీల్డ్‌కి మొదటి పేరు హంబగ్. 1880 ప్రాంతంలో ఇక్కడ సుమారు 1,500 మంది ఉండేవారట. ఇప్పుడు ఒకే వీధి, తెల్ల రంగు చర్చి, బడి, సరుకుల కొట్టు, మందుల షాపు మిగిలాయి. అద్దాల్లోంచి చూస్తే సీసాలు, డబ్బాలు అరల్లో వరసగా కనిపిస్తాయి. మనిషెత్తు దాటిన నీటి ఫిరంగి ఒకటి వీధిలోనే పెట్టారు. దాన్ని మానిటర్ అనేవారు.

ఊరంతా బతికింది ఆ ఫిరంగుల మీదే. పూర్వం ఎప్పుడో పారి ఎండిపోయిన నదుల గులకరాళ్ల పొరల్లో ఇక్కడి బంగారం ఉంది. ఆ పొరలు కొండ కడుపులో ఉన్నాయి. పై కొండల్లోని చెరువుల నుంచి మైళ్ల కొద్దీ కాలువలు తవ్వి నీళ్లు తెచ్చి, గొట్టాల్లో ఒత్తిడి పెంచి, ఫిరంగితో కొండనే కొట్టి కరిగించారు. ఆ బురద చెక్క తొట్లలోంచి పారుతుంటే అడుగున పోసిన పాదరసం బంగారాన్ని పట్టుకునేది. మిగతాదంతా యూబా నదిలోకి. నీళ్లు బయటికి పోవడానికి గట్టిరాతిలో 7,847 అడుగుల సొరంగం తవ్వి 1874లో పూర్తిచేశారు. ఆ నీళ్ల కాలువల పని చూసుకోవడానికి 1870ల చివర్లోనే ఈ కొండల మీద సుమారు 60 మైళ్ల టెలిఫోను తీగ లాగారు. దూరప్రాంత టెలిఫోన్లలో ప్రపంచంలోనే మొదటిదని చెప్పుకుంటారు. అది విన్నాక మా పిల్లలు ఫోన్లు తీసి సిగ్నల్ కోసం మళ్లీ వెతికారు.

రెండో రోజు పొద్దున్నే ఆ ఫిరంగులు తవ్విన గోతిలోకి దిగాం. దాదాపు 7,000 అడుగుల పొడవు, 3,000 అడుగుల వెడల్పు, లోతు సుమారు 600 అడుగులు. ఎండ పడగానే నారింజ, గులాబి, తెలుపు రంగుల గోడలు వెలిగిపోయాయి. అడుగున రెల్లు, విల్లో పొదలు పెరిగాయి. పిల్లలు ఎంత బావుందో అంటూ ఫొటోలు తీస్తున్నారు. అమ్మ మాత్రం చాలాసేపు మాట్లాడలేదు.

"మీ తాత పనిచేసిన చోట కూడా ఇట్లాంటి దిబ్బలే ఉండె నాయనా. గాలేస్తే తెల్లదుమ్ము వచ్చి అన్నంలో పడేది" అంది.

మాది కుప్పం దగ్గరి పల్లె. మా తాత కోలారు బంగారు గనుల్లో, ఛాంపియన్ రీఫ్‌లో కూలీ. అమ్మ చెప్పిన ఆ దిబ్బల్ని అక్కడి జనం సైనైడ్ దిబ్బలంటారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి, దిబ్బలు అక్కడే ఉన్నాయి. బంగారం తీయడానికి ఇక్కడ పాదరసం, అక్కడ సైనైడ్. ఇప్పటికీ గట్టి వానలకు ఈ గోతిలోంచి బురద, దాంతోపాటు పాదరసం హంబగ్ వాగులోకి కొట్టుకుపోతున్నాయి. ఆ రంగుల గోడల ముందు నిలబడి అందమని ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు. కాదనడానికీ మనసు రాలేదు.

హిల్లర్ సొరంగం చూడకుండా రావద్దు. సుమారు 550 అడుగుల పొడవు, అడుగున చల్లటి నీళ్లు, నడుమ చిమ్మచీకటి. టార్చి, తడిసినా పరవాలేదనుకునే బూట్లు కావాలి. పెద్దవాళ్లని, మోకాళ్ల నొప్పులున్నవాళ్లని తీసుకెళ్లకండి. బాట పక్కన మూడు మూడు ఆకులతో కనిపించే పాయిజన్ ఓక్‌ని ముట్టుకోవద్దు. మా చిన్నాడికి దద్దుర్లు వారం తగ్గలేదు. మధ్యాహ్నం బ్లెయిర్ చెరువులో ఈతకి దిగి, రెండు నిమిషాల్లో వణుకుతూ బయటపడ్డాం. చిత్రాన్నం తిన్నాకే ఒంట్లో వేడి పుట్టింది.

వచ్చేటప్పుడు హైవే 20 మీద మేరీస్‌విల్ మీదుగా వచ్చాం. దారిలో యూబా ఒడ్డున గులకరాళ్ల గుట్టలు మైళ్ల కొద్దీ కనిపిస్తాయి. కొండల నుంచి వచ్చిన ఆ పూడిక వల్లే నది అడుగు పైకి లేచింది, పొలాల్లో మేటలు వేసింది, 1875లో మేరీస్‌విల్ మునిగింది. అక్కడ ఆస్తులున్న ఎడ్వర్డ్స్ వుడ్‌రఫ్, మలకాఫ్ గని నడిపిన నార్త్ బ్లూమ్‌ఫీల్డ్ కంపెనీ మీద కేసు వేశాడు. 1884 జనవరి 7న జడ్జి లోరెంజో సాయర్ గని బురద నదుల్లోకి వదలకూడదని తీర్పిచ్చాడు. గని పని చట్టవిరుద్ధం కాలేదు కానీ, బురద పారబోసే చోటు లేక ఫిరంగులు చల్లబడ్డాయి.

ఊరి చుట్టూ కట్టిన కరకట్ట మీద కాసేపు ఆగాం. ఒక పక్క నది, రెండో పక్క ఊరు. నేను చెప్పిన కథంతా విని అమ్మ, "కేసేసినాయన ఊరు ఇదేనా?" అని అడిగింది. అవునన్నాను. చెప్పులు విడిచి కట్ట దిగింది. నీళ్లదాకా వెళ్లి అరచేత్తో కాసిన్ని తీసుకుని చూసి, మళ్లీ నదిలోనే వదిలేసింది.