శాటర్న్‌ను ఆపేయడమా, సాగనివ్వడమా? బెర్నీ స్టోలర్ నిర్ణయంలో ఏది మేలు?

1997 జూన్‌లో అట్లాంటాలో జరిగిన ఇ3 అనే వీడియో గేముల ప్రదర్శనలో, జపాన్ గేమ్ కంపెనీ సెగాకి చెందిన అమెరికా విభాగం ఉన్నతాధికారి బెర్నీ స్టోలర్ "శాటర్న్ మా భవిష్యత్తు కాదు" అని బాహాటంగా అనేశారు. అప్పటికి సెగా గేమ్ కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే పెట్టె) శాటర్న్‌ని ఇంకా షాపుల్లో అమ్ముతూనే ఉన్నారు, దానికి గేములు తయారవుతూనే ఉన్నాయి. దాని తర్వాతి కన్సోల్ డ్రీమ్‌కాస్ట్ అమెరికాకి రావడానికి ఇంకా రెండేళ్ల పైనే ఉంది. రెట్రో గేమింగ్ అభిమానుల్లో ఆ మాట మీద గొడవ ఈనాటికీ తెగలేదు. కొందరి లెక్కలో ఆయన శాటర్న్‌ని చంపినవాడు, మరికొందరి లెక్కలో డ్రీమ్‌కాస్ట్‌కి అమెరికాలో దారి వేసినవాడు.

ముందు ఆయన చేతికి వచ్చింది ఏమిటో చూడాలి. 1995 మేలో సెగా ముందు చెప్పిన తేదీని పక్కనపెట్టి శాటర్న్‌ని అమెరికాలో ఉన్నట్టుండి అమ్మకానికి దించింది. ధర 399 డాలర్లు. ఆ నెలలో జరిగిన ఇ3లోనే సోనీ ప్లేస్టేషన్ ధర 299 అని ప్రకటించింది. సరుకు కొన్ని షాపులకే అందింది, అందనివాళ్లకి ఒళ్లు మండింది. గేములు తీసే కంపెనీలు కూడా సెప్టెంబర్ నాటికి సిద్ధం కావాలని పనిచేస్తున్నాయి కాబట్టి మొదటి నెలల్లో ఆడటానికి పెద్దగా ఏమీ లేదు. ఈ తప్పులు జరిగినప్పుడు స్టోలర్ సోనీలో ఉన్నారు, అంటే అవతలి జట్టులో. సెగాకి వచ్చింది 1996లో. వీటిని ఆయన ఖాతాలో వేయడం అన్యాయం.

ఇక శాటర్న్‌ని సాగనిచ్చి ఉంటే? ఈ పక్షానికి బలం జపాన్ నుంచి వస్తుంది. ప్రపంచం మొత్తం మీద అమ్ముడైన సుమారు 92 లక్షల శాటర్న్‌లలో సగానికి పైగా అక్కడే పోయాయి. అంటే గేములకి కొదవ లేదు, వాటిని ఇంగ్లీషులోకి తెచ్చే ఓపికే కరువైంది. స్టోలర్‌కి ఆర్‌పీజీల (ఒక పాత్ర తీసుకుని పెద్ద కథ నడిపే గేముల) మీద, 2డీ గేముల మీద చిన్నచూపు ఉందన్నది ఆయన మీద పాత ఆరోపణ. అది ఎంత నిజమో షైనింగ్ ఫోర్స్ 3 అనే ఆర్‌పీజీ గతి చూస్తే తెలుస్తుంది. జపాన్‌లో అది మూడు భాగాలుగా వచ్చింది. ఒకే యుద్ధాన్ని వేర్వేరు వైపుల నుంచి చూపిస్తూ, ఒక భాగంలో మనం చేసింది తర్వాతి భాగంలో ఫలితం చూపించేలా అల్లిన కథ. ఇంగ్లీషులో మొదటి భాగం ఒక్కటే ఇచ్చి ఊరుకున్నారు. మిగతా రెండూ ఆడాలంటే ఏళ్ల తర్వాత అభిమానులే సొంతంగా అనువాదం చేసుకోవాల్సి వచ్చింది. నాలుగు డిస్కుల ఆర్‌పీజీ పాంజర్ డ్రాగూన్ సాగా 1998లో అమెరికాలో వచ్చింది గానీ వేసిన కాపీలు చాలా తక్కువ. ఇప్పుడు మంచి కాపీ కావాలంటే వందల డాలర్లు పెట్టాలి. శాటర్న్‌ని నమ్మి కొన్నవాళ్లకి ఇది నిజంగా అన్యాయం. ఆ గేములు జపాన్‌లో వచ్చేశాయని తలుచుకుంటే ఇంకా బాధేస్తుంది.

కానీ డబ్బు లెక్క వేరు. శాటర్న్ లోపల రెండు హిటాచీ ప్రాసెసర్లు, బొమ్మలు గీయడానికి మరో రెండు చిప్‌లు. ఆ రెండు ప్రాసెసర్లనీ ఒకేసారి సరిగ్గా పనిచేయించడం ప్రోగ్రామర్లకి చుక్కలు చూపించేది. అంత సరంజామా ఉన్న పెట్టె ధర తగ్గించడమూ కష్టమే. సోనీ ధర తగ్గించినప్పుడల్లా సెగా నష్టం భరించి తగ్గించాల్సి వచ్చేది. టూంబ్ రైడర్ గేమ్ మొదటి భాగం శాటర్న్‌కీ వచ్చింది, రెండోది రాలేదు. ఇలాంటి పెట్టె మీద ఇంకో రెండేళ్లు అమెరికాలో ప్రకటనల డబ్బు పోయడం వల్ల నష్టం పెరిగేదే తప్ప సోనీని అందుకునే దారి నాకు కనిపించదు.

ఆపేయడం వల్ల మిగిలిన వెసులుబాటుని స్టోలర్ మాత్రం బాగా వాడుకున్నారు. డ్రీమ్‌కాస్ట్‌ని 199 డాలర్లకే, లోపలే మోడెమ్ పెట్టి అమ్మారు. కన్సోల్‌తో పాటే పద్దెనిమిది దాకా గేములు వచ్చాయి, అప్పట్లో అది చాలా పెద్ద సంఖ్య. 1999 సెప్టెంబర్ 9న, మొదటి 24 గంటల్లోనే దాదాపు 9.8 కోట్ల డాలర్ల అమ్మకాలు జరిగాయి. ఇదంతా సిద్ధం చేసిన మనిషిని ఆగస్టులోనే, అంటే విడుదలకి కొన్ని వారాల ముందు, కంపెనీ బయటికి పంపేసింది.

అయితే 1997 జూన్‌కీ 1999 సెప్టెంబర్‌కీ మధ్య ఇరవై ఏడు నెలల ఖాళీ ఉంది. నా అభ్యంతరమంతా దాని గురించే. ఆపేయాలన్న నిర్ణయం సరైనదే, దాన్ని అంత ముందుగా నలుగురిలో చెప్పడం తప్పు. ఆ మాట విన్నాక శాటర్న్‌కి కొత్త గేమ్ మొదలుపెట్టే ధైర్యం ఎవరికి ఉంటుంది? జపాన్ ఆర్‌పీజీలని శ్రద్ధగా ఇంగ్లీషులోకి తెచ్చే వర్కింగ్ డిజైన్స్ కూడా ప్లేస్టేషన్ వైపు వెళ్లిపోయింది. గట్టిగా ప్రకటించకుండా ప్రకటనల ఖర్చు ఆపేసి, జపాన్‌లో పూర్తయిన గేముల్ని కొద్ది సంఖ్యలోనైనా నికరంగా వదులుతూ ఉంటే చాలేది. ఖర్చు పెద్దగా పెరిగేది కాదు, కొన్నవాళ్లు సెగాని తిట్టుకుంటూ వెళ్లేవాళ్లు కాదు. ఈ మధ్యేమార్గమే నా దృష్టిలో మేలైనది.

స్పోర్ట్స్ గేములకి పేరున్న కంపెనీ ఈఏ విషయం మాత్రం అంత తేలిక కాదు. అది డ్రీమ్‌కాస్ట్‌కి ఒక్క గేమ్ కూడా ఇవ్వలేదు. స్పోర్ట్స్ గేములన్నీ తమవే ఉండాలని ఈఏ పట్టుబట్టిందనీ, అప్పుడే విజువల్ కాన్సెప్ట్స్ అనే గేమ్ స్టూడియోని కొన్న తాను ఒప్పుకోలేదనీ స్టోలర్ తర్వాత చెప్పారు. ఒప్పుకుని ఉంటే ఈఏ అమెరికన్ ఫుట్‌బాల్ గేమ్ మాడెన్ వచ్చేది, విజువల్ కాన్సెప్ట్స్ తీసిన ఎన్ఎఫ్ఎల్ 2కే ఉండేది కాదు. నేనైతే ఇక్కడ స్టోలర్ పక్షమే. ఆ స్టూడియో తీసిన స్పోర్ట్స్ గేములు డ్రీమ్‌కాస్ట్‌కి నిజమైన బలం అయ్యాయి. 2005లో సెగా దాన్ని టేక్-టూ అనే గేమ్ కంపెనీకి అమ్మేసుకుంది. ఆ స్టూడియో తీసే బాస్కెట్‌బాల్ గేముల సిరీస్ ఎన్‌బీఏ 2కే ఇప్పటికీ ఏటా వస్తూనే ఉంది.

2001 జనవరిలో డ్రీమ్‌కాస్ట్‌ని ఆపేస్తున్నామని సెగా ప్రకటించింది. దాన్ని కూడా స్టోలర్ నెత్తిన వేసేవాళ్లున్నారు. డీవీడీ సినిమాలు కూడా ఆడించే ప్లేస్టేషన్ 2 అప్పటికే వచ్చేసింది, సెగా ఖజానా ముందే ఖాళీ అయింది. శాటర్న్‌ని ఇంకో రెండేళ్లు మోసి ఉంటే అది ఇంకా ముందే ఖాళీ అయ్యేది.