మెక్‌షేన్ బైబిల్ పఠన పట్టిక: ఎలా వాడితే మేలు, ఎలా వాడితే భారం

ఏడాదిలో బైబిలంతా చదివించే పట్టికలు చాలానే ఉన్నాయి. స్కాట్లాండ్‌లోని డండీలో సెయింట్ పీటర్స్ సంఘ కాపరి రాబర్ట్ మర్రే మెక్‌షేన్ 1842 చివర్లో తన సంఘస్థుల కోసం తయారుచేసిన పట్టికను మాత్రం నేటికీ ఎన్నో దేశాల్లో వాడుతున్నారు. మరుసటి మార్చిలోనే, 29 ఏళ్ల వయసులో ఆయన ప్రభువు దగ్గరకు వెళ్లిపోయారు. ఈ పట్టిక యూవర్షన్ అనే బైబిల్ యాప్‌లో ఉచితంగా దొరుకుతుంది. బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా (బి.ఎస్.ఐ.) వారి తెలుగు బైబిలు ఎంచుకుని చదువుకోవచ్చు.

రోజుకు నాలుగు అధ్యాయాలు, నాలుగు వరుసల్లో ఉంటాయి. మొదటి రెండు కుటుంబ ప్రార్థనకు, తర్వాతి రెండు ఏకాంత ప్రార్థనకు. జనవరి 1న ఆదికాండం 1, మత్తయి 1, ఎజ్రా 1, అపొస్తలుల కార్యములు 1 వస్తాయి. సృష్టి, రక్షకుని జననం, చెర నుంచి తిరిగిరావడం, సంఘం పుట్టుక: నాలుగు ఆరంభాలూ ఒకేరోజు. ఏడాది తిరిగేసరికి పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసి సార్లు అవుతాయి. అంటే 1,189 అధ్యాయాలకు మరో 410 కలిపి మొత్తం 1,599. రోజుకు నాలుగు కంటే కాస్త ఎక్కువే పడుతుంది కాబట్టి చిన్న కీర్తనలు కొన్నిసార్లు జంటగా వస్తాయి. 119వ కీర్తననైతే ముక్కలు చేశారు.

చాలామంది చతికిలబడే లేవీయకాండం ఇందులో మార్చి ఆఖరుకు మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే సువార్తలు ముగిసి, దాని పక్క వరుసలో కీర్తనలు తెరుచుకుంటాయి. బలుల వివరాలతో అలసిన మనసుకు ఆ పూటే ప్రార్థనకు మాటలు దొరుకుతాయి. ఈ పట్టికలో నాకు అన్నిటికన్నా నచ్చిన అమరిక ఇదే.

పట్టికతోపాటే దాని ప్రమాదాలను కూడా మెక్‌షేన్ రాసిపెట్టారు. చదవడం వట్టి ఆచారమైపోవచ్చు, చదివేశామన్న తృప్తితో స్వనీతి పెరగవచ్చు, చదువు పైపైన సాగవచ్చు, చివరికి మోయలేని కాడి కావచ్చు. మన సంఘాల్లో ఇవన్నీ ఒకే దారిన వస్తాయి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాదికి ఒక వచనం రాసిన వాగ్దాన కార్డు అందుకుని, ఈసారి ఎలాగైనా పూర్తిచేస్తానని తీర్మానం చేసుకుంటాం. ఫిబ్రవరిలో ఒక పెళ్లి, పిల్లలకు జ్వరం. ఐదు రోజులు తప్పితే ఇరవై అధ్యాయాల బాకీ. ఆదివారం మధ్యాహ్నం కూర్చుని ఆ బాకీ తీర్చబోతే కళ్లు పేజీ మీద పరుగెడతాయి, హృదయం అక్కడ ఉండదు. పూర్తిచేసినవాళ్లకు అతిశయం, చేయలేనివాళ్లకు నేరారోపణ. ఇద్దరూ ఆనుకున్నది తమ పట్టుదల మీదే. "మొదట ఆత్మానుసారముగా ఆరంభించి, యిప్పుడు శరీరానుసారముగా పరిపూర్ణులగుదురా?" అని పౌలు గలతీయులను అడిగింది సరిగ్గా ఇదే.

అందుకే తప్పిన రోజులను వదిలేయండి. ఇవాళ్టి తేదీకి వచ్చి అక్కడినుంచి చదవండి. యాప్‌లో 'క్యాచ్ మీ అప్' నొక్కితే మిగిలిన భాగాలు ఇవాళ్టినుంచి లెక్కకు వస్తాయి కానీ, తేదీలు జరిగిపోతాయి, సంఘంలో తక్కినవాళ్లతో కలిసి చదవడం కుదరదు. వరుసగా ఎన్ని రోజులు చదివారో చూపే అంకె మీద కూడా కన్ను పెట్టొద్దు. వాక్యం ముందు కూర్చోవడానికి ఆ అంకే కారణమైపోతుంటే, పట్టికను కాగితం మీద ముద్రించి బైబిల్లో పెట్టుకోవడం మేలు.

తెరవగానే చదవడం మొదలుపెట్టకండి. కీర్తన 119:18లోని "నా కన్నులు తెరువుము" అన్న మాటను ముందు ప్రార్థనగా చెప్పండి. చదివినదాన్ని ప్రార్థనగా మార్చడమెలాగో మెక్‌షేన్ ఒక ఉత్తరంలో చూపించారు: బైబిలును ఎదురుగా కుర్చీ మీద పరిచి, మోకాళ్లూని, మొదటి కీర్తనలోని ధన్యతను నాకు దయచేయమని ప్రభువును అడగాలి. నాలుగు అధ్యాయాల్లోంచి ఇలా ఒక్క వచనమైనా చాలు.

ఎఫెసీ 4లో కోపం విడిచిపెట్టమన్న ఆజ్ఞ వచ్చిందనుకోండి. "రేపటినుంచి కోపపడను" అని నోట్‌బుక్‌లో రాసుకుంటే అది సాయంత్రం దాకా నిలవదు. ఎవరి మీద కోపమో పేరుపెట్టి ఒప్పుకోండి. క్షమించే మనసు నాలో లేదు, నీవే ఇయ్యి అని అడగండి. ఆ తర్వాత లేచి ఆ మనిషికి ఫోన్ చేయండి. దేవుని మీద ఆనుకోవడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. ఫిలిప్పీ 2:12 సొంత రక్షణను కొనసాగించుకొమ్మంటుంది. ఆ ఇచ్ఛనూ కార్యసిద్ధినీ మనలో కలుగజేసేది దేవుడేనని ఆ వెంటనే 13వ వచనం చెబుతుంది.

కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్లకు నాలుగు వరుసలూ ఒకేసారి ఇవ్వకండి. జనవరి నుంచి మార్చి దాకా రెండో వరుస ఒక్కటే చదివితే నాలుగు సువార్తలూ, 89 అధ్యాయాలు, పూర్తవుతాయి. ఉద్యోగాలు చేసే దంపతులు కుటుంబ వరుసలు ఈ ఏడు, ఏకాంత వరుసలు వచ్చే ఏడు చదువుకోవచ్చు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఒక్క జాగ్రత్త: పిల్లల ముందు చదవలేని విషయాలున్న లేవీయకాండం 15, న్యాయాధిపతులు 19 కుటుంబ వరుసలోనే వస్తాయి. ఆ పూట పిల్లలతో రెండో వరుసలోనిది చదివి, ఆ అధ్యాయాన్ని పెద్దలు విడిగా చదువుకోండి.