నెలనెలా పోయే రూట్, నెలనెలా తెచ్చుకునే రూట్: మ్యాజిస్క్‌తో రెండున్నరేళ్ళు

నా ఫోనులో రూట్ (ఆండ్రాయిడ్ వ్యవస్థ మీద పూర్తి అధికారం) పోయిందన్న సంగతిని అన్నిటికంటే ముందు తెలుగు అక్షరాలే చెబుతాయి. ఆండ్రాయిడ్‌తో వచ్చే నోటో సాన్స్ తెలుగు ఖతి (ఫాంటు) నా కళ్ళకు ఎందుకో పొసగదు. అందుచేత దాని చోట మండలి ఖతిని నిలిపే చిన్న మాడ్యూలును, అంటే అదనపు భాగాన్ని, సొంతంగా తయారు చేసుకొని, రూట్ ఇచ్చే సాధనమైన మ్యాజిస్క్‌లో పెట్టుకున్నాను. నెలవారీ అప్‌డేట్ పూర్తయ్యాక మా అక్క పంపిన వాట్సాప్ సందేశం మళ్ళీ పాత ఖతిలో కనబడిందంటే, ఆ సాయంత్రం కేబులు వెతుక్కోవలసిందేనని అర్థం. 2022 నవంబరులో కొన్న పిక్సెల్ 6ఏలో ఈ రెండున్నరేళ్ళుగా దాదాపు ప్రతి నెలా ఈ తతంగం నడుస్తూనే ఉంది. ఫోనును మొదటిసారి రూట్ చేయడం ఒక్క పూట పని, దాని గురించి చెప్పేవారికి కొదవ లేదు. పోయిన రూట్‌ను తిరిగి తెచ్చుకోవడంలో మ్యాజిస్క్ ఎంతవరకు అక్కరకు వస్తుందో, ఎక్కడ చేయి విడుస్తుందో చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా రూట్ ఎందుకు పోతుందో చెప్పాలి. 2014లో కొన్న మోటో జీలో నేను సూపర్‌ఎస్‌యూ అనే రూట్ సాధనం వాడేవాడిని. చైన్‌ఫైర్ అనే పేరుతో ప్రసిద్ధుడైన డెవలపర్ దానిని తయారు చేశాడు. ఆ రోజుల్లో అది నేరుగా ఆండ్రాయిడ్ ఫైళ్ళు ఉండే సిస్టమ్ విభాగంలోకి వెళ్ళి తన ఫైళ్ళను అక్కడ రాసేది. ఆండ్రాయిడ్ 5తో అప్‌డేట్ పద్ధతి మారి, ఫైళ్ళను విడివిడిగా కాక విభాగం మొత్తాన్ని బ్లాకులుగా సరిచూడడం మొదలైంది కనుక, ఒక్క బైటు తేడా ఉన్నా అప్‌డేట్ మధ్యలోనే ఆగిపోయేది. 2016లో జాన్ వూ విడుదల చేసిన మ్యాజిస్క్ ఈ చిక్కును మరో వైపు నుంచి విప్పింది. అది సిస్టమ్ విభాగాన్ని ముట్టుకోదు. ఫోను లేచేటప్పుడు ముందుగా నడిచే బూట్ ఇమేజ్‌లో మాత్రమే తన చోటు చూసుకుంటుంది. అది చేసే మార్పులు అసలు ఫైళ్ళ మీద పరిచిన దుప్పటి వంటివే తప్ప వాటిని చెరిపేవి కావు. అప్‌డేట్‌తో కొత్త బూట్ ఇమేజ్ వస్తుంది కాబట్టి రూట్ పోతుంది, కానీ పోయేది అంతవరకే. మాడ్యూళ్ళు, ఏ యాప్‌కు రూట్ అనుమతి ఇచ్చామన్న లెక్క, ఇవన్నీ డేటా విభాగంలో చెక్కుచెదరకుండా ఉంటాయి. బూట్ ఇమేజ్‌ను మళ్ళీ ప్యాచ్ చేసి (అంటే అందులో మ్యాజిస్క్‌ను చేర్చి) ఫోనును లేపగానే ఖతితో సహా అన్నీ ఎక్కడివక్కడ అమరిపోతాయి. ఈ సాధనంలో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం ఇదే.

తిరిగి తెచ్చుకోవడానికి రెండు దారులున్నాయి. పిక్సెల్ వంటి ఫోన్లలో వ్యవస్థకు ఏ, బీ అని రెండు స్లాట్లు ఉంటాయి. ఫోను ఒకదానిలో నడుస్తుండగా అప్‌డేట్ రెండవదానిలోకి చేరుతుంది, రీస్టార్ట్ చేసినప్పుడు స్లాటు మారుతుంది. మ్యాజిస్క్ ఈ ఏర్పాటును తెలివిగా వాడుకుంటుంది. అప్‌డేట్ వచ్చిందని తెలియగానే మ్యాజిస్క్ యాప్‌లోని అన్‌ఇన్‌స్టాల్ మీట నొక్కి, రిస్టోర్ ఇమేజెస్ అన్నదానిని ఎంచుకుంటే, మొదట దాచిపెట్టిన అసలు బూట్ ఇమేజ్ తన చోటికి వచ్చేస్తుంది. అప్పుడు ఫోనును రీస్టార్ట్ చేయకుండానే అప్‌డేట్‌ను దించుకోవాలి. అది పూర్తయి రీస్టార్ట్ మీట కనబడినప్పుడు దానిని నొక్కకుండా మ్యాజిస్క్‌లోకి తిరిగి వచ్చి, వాడకంలో లేని స్లాటులోకి ఇన్‌స్టాల్ చేయమని చెప్పి, అక్కడి నుంచే రీబూట్ చేయాలి. అన్నీ కుదిరితే కంప్యూటరు అవసరమే ఉండదు.

కానీ ఇక్కడ మనిషి అలవాటే శత్రువు. అప్‌డేట్ పూర్తి కాగానే తెర మీద పెద్దగా కనబడే రీస్టార్ట్ మీటను నొక్కడానికి వేలు తనంతట తానే వెళుతుంది. నేను మూడుసార్లు అలాగే నొక్కాను. ఇంకొకసారి నేను నొక్కలేదు గానీ, డెవలపర్ ఆప్షన్లలో ఆటోమేటిక్ సిస్టమ్ అప్‌డేట్స్ అన్నది మొదటి నుంచీ ఆన్‌లో ఉంటుందని గమనించలేదు. ఫోను తనంతట తాను అప్‌డేట్‌ను దించుకొని ఉంచింది, నేను మామూలుగా రీస్టార్ట్ చేసేసరికి రూట్ కాస్తా పోయింది. రూట్ చేసిన రోజునే ఆ మీటను ఆఫ్ చేయవలసిందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది.

అలా పోయినప్పుడు రెండవ దారి పట్టాలి. పిక్సెల్ ఫోన్లకు గూగుల్ తన సైటులో ఫ్యాక్టరీ ఇమేజ్‌లను, అంటే వ్యవస్థ మొత్తం ఉన్న అసలు ఫైళ్ళను, ఉంచుతుంది. 6ఏకు వాటిలో ఉండే సంకేతనామం బ్లూజే. రెండు గిగాబైట్లు పైబడిన ఆ ఫైలును దించుకొని, లోపల ఉన్న బూట్ ఇమేజ్‌ను బయటికి తీసి, ఫోనులోకి పంపి, మ్యాజిస్క్ చేత ప్యాచ్ చేయించి, తయారైన ఇమేజ్‌ను మళ్ళీ కంప్యూటరుకు తెచ్చుకొని, ఫాస్ట్‌బూట్ (కేబులుతో కంప్యూటరు నుంచి ఫోనులోకి ఇమేజ్‌లను పంపే పద్ధతి) ద్వారా ఫ్లాష్ చేయాలి, అంటే ఎక్కించాలి. చదవడానికి చాంతాడంత ఉన్నా, దించుకునే సమయం పోగా పదిహేను నిమిషాల పని. నిజానికి ఇప్పుడు నేను ఎక్కువగా ఈ దారినే వెళుతున్నాను, ఎందుకంటే ఏ మెట్టు మీద ఏం జరిగిందో కళ్ళకు కనబడుతుంది. పిక్సెల్ 7తో మొదలుకొని, ఆండ్రాయిడ్ 13తో బయటికి వచ్చిన ఫోన్లలో బూట్ ఇమేజ్‌కు బదులు ఇనిట్ బూట్ ఇమేజ్‌ను ప్యాచ్ చేయవలసి ఉంటుందని కొత్త ఫోను ఉన్నవారు గుర్తుంచుకోవాలి.

ఈ దారిలో నేను చేసిన పెద్ద పొరపాటు ఒకటుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డరులో ప్యాచ్ చేసిన ఇమేజ్‌లు రెండు పక్కపక్కనే ఉండగా, ఒక రాత్రి నిద్రమత్తులో పాత నెలదానిని ఫ్లాష్ చేశాను. ఫోను లేచింది, లాక్ తెర కూడా వచ్చింది, కానీ వేలితో ఎంత తాకినా స్పందన లేదు. బూట్ ఇమేజ్‌లో ఉండే కెర్నెల్ (వ్యవస్థకు గుండెకాయ) ఒక నెలది, దానితో కలిసి పనిచేయవలసిన డ్రైవర్లు మరో నెలవి అయితే ఇటువంటివే జరుగుతాయని తరువాత బోధపడింది. ఆ క్షణంలో మాత్రం ఫోను చేయి దాటిపోయిందనే అనుకున్నాను. పవర్ మీటను, వాల్యూమ్ తగ్గించే మీటను కలిపి నొక్కిపట్టి ఫాస్ట్‌బూట్‌లోకి వెళ్ళి, సరైన ఇమేజ్‌ను ఎక్కించగానే అంతా కుదుటపడింది. ఒక్క ఫోటో కూడా పోలేదు. నాటి నుంచి ప్రతి ఇమేజ్ పేరులోనూ బిల్డ్ సంఖ్య రాసుకుంటున్నాను, పాతవాటిని ఆ రోజే చెరిపేస్తున్నాను.

మరొకసారి తప్పు ఒక మాడ్యూలుది. ఆండ్రాయిడ్ 14కు మారి రూట్ తెచ్చుకున్న వెంటనే ఫోను లోగో దగ్గరే తిరగడం మొదలుపెట్టింది. రూట్ తిరిగి రావడంతోపాటు పాత మాడ్యూళ్ళన్నీ ఒక్కసారిగా నిద్ర లేస్తాయి, వాటిలో ఒకటి కొత్త వ్యవస్థకు సరిపడలేదు. ఇందాక మెచ్చుకున్న గుణమే ఇక్కడ మెడకు చుట్టుకుందన్న మాట. కంప్యూటరు నుంచి ఫోనుకు ఆదేశాలు పంపే ఏడీబీ ద్వారా మాడ్యూళ్ళన్నిటినీ తొలగించే ఆదేశం మ్యాజిస్క్‌లోనే ఉంది. నా కంప్యూటరుకు యూఎస్‌బీ డీబగ్గింగ్ అనుమతి ముందే ఇచ్చి ఉండడంతో అది పనిచేసింది. సేఫ్ మోడ్‌లో లేపినా మ్యాజిస్క్ మాడ్యూళ్ళను ఆపేస్తుంది. ఇప్పుడు పెద్ద అప్‌డేట్‌కు ముందు మాడ్యూళ్ళన్నిటినీ ఆపి, తరువాత ఒక్కొక్కటిగా ఆన్ చేస్తున్నాను.

రూట్ తిరిగి వచ్చినంత మాత్రాన జీవితం మునుపటిలా ఉంటుందనుకోవడం పొరపాటు. నేను వాడే బ్యాంకు యాప్‌లలో ఒకటి రూట్ ఉన్న ఫోనులో తెరుచుకోదు. 2022 జనవరిలో వచ్చిన మ్యాజిస్క్ 24వ వెర్షనుతో, యాప్‌ల నుంచి రూట్‌ను దాచే పాత మ్యాజిస్క్‌హైడ్ పోయి, మాడ్యూళ్ళను యాప్‌ల లోపల నడిపించే జైగిస్క్, దానితో డినైలిస్ట్ వచ్చాయి. డినైలిస్టులో చేర్చిన యాప్‌కు మ్యాజిస్క్ చేసిన మార్పులు కనబడవు. కొన్నాళ్ళు అదే సరిపోయింది. అయితే ఫోను నమ్మదగినదా కాదా అని యాప్‌లకు చెప్పే గూగుల్ పరీక్ష సేఫ్టీనెట్ స్థానంలోకి వచ్చిన ప్లే ఇంటిగ్రిటీ, 2025 మే నుంచి ఆండ్రాయిడ్ 13, ఆపై ఉన్న ఫోన్లలో హార్డ్‌వేర్ సాక్ష్యాన్నే, అంటే ఫోను చిప్పు ఇచ్చే ధ్రువీకరణనే, అడుగుతోంది. రూట్ కోసం బూట్‌లోడర్ (ఫోనును లేపే తొలి ప్రోగ్రాము) అన్‌లాక్ అయి ఉన్న ఫోను ఆ సాక్ష్యాన్ని నిజాయితీగా ఇవ్వలేదు. దీనికి విరుగుళ్ళంటూ వచ్చేవి కొన్ని వారాలు పనిచేసి ఆగిపోతున్నాయి. నాకు ఆ వేట మీద ఆసక్తి పోయింది. ఆ బ్యాంకు సిమ్మును పాత ఫోనులో వేసి యూపీఐని అక్కడికే మార్చాను, ఎందుకంటే నమోదైన సిమ్ము ఉన్న ఫోనులోనే యూపీఐ నడుస్తుంది. జేబులో రెండు ఫోన్లు మోయడం ఈ రూట్‌కు నేను కడుతున్న అద్దె. కూరగాయల దుకాణంలో క్యూఆర్ ముందు నిలబడి తప్పు ఫోను తీసిన ప్రతిసారీ ఆ అద్దె గుర్తుకు వస్తుంది.

ఇంత శ్రమకు ప్రతిఫలం ఏమిటంటే, ఛార్జింగును 80 శాతం దగ్గర ఆపే ఏసీసీ, ప్రకటనలను హోస్ట్స్ ఫైలు స్థాయిలోనే అడ్డుకునే యాడ్‌అవే, ఆపై నా ఖతి. కెర్నెల్‌లోనే కూర్చునే కెర్నెల్‌ఎస్‌యూ అనే మరో రూట్ సాధనాన్ని మిత్రుడి ఫోనులో కొన్నాళ్ళు పరిశీలించాను. దాగి ఉండడంలో దానికి కొంత మెరుగు ఉన్నా, ఒక్క బటనుతో అసలు ఇమేజ్‌ను వెనక్కు పెట్టే మ్యాజిస్క్ సౌకర్యానికే నా ఓటు.

కొత్తగా దిగేవారికి రెండు జాగ్రత్తలు. మ్యాజిస్క్‌ను దాని గిట్‌హబ్ పుట నుంచి మాత్రమే దించుకోవాలి, దాని పేరు పెట్టుకున్న సైట్లు వేరే ఉన్నాయి గానీ అవేవీ అసలువి కావు. ప్యాచ్ చేసిన ఇమేజ్ ఉండగా బూట్‌లోడరును ఎన్నడూ లాక్ చేయకూడదు. ఫోను ఇక లేవకపోవచ్చు. బూట్‌లోడరును అన్‌లాక్ చేయగానే ఫోనులోని డేటా అంతా చెరిగిపోతుంది కాబట్టి ఆ పనిని కొన్న రోజునే చేసుకోవడం మేలు.

మొన్న సంక్రాంతికి మా బావమరిది నా ఫోను చూసి, "బావా, నాకూ ఇలాగే చేసిపెట్టు" అన్నాడు. అతనికి కంప్యూటరు లేదు, కిరాణా కొట్టులో రోజంతా యూపీఐ మీదే బేరం నడుస్తుంది. చేయనని చెప్పాను. అతను అడిగింది రూట్ కాదు, ఆ అక్షరాలు మాత్రమే. వాటికి రూట్ లేకుండా దారి చూపలేకపోయాను.