లైట్‌రూమ్ షేర్డ్ ఆల్బమ్: ఫొటోల మీద అభిప్రాయం చెప్పించుకోవడానికి ఎంతవరకు పనికొస్తుంది?

వాట్సాప్ గ్రూపులో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోయి నీడల్లోని వివరాలు పోతాయి. పది ఫొటోలు పెడితే ఏ మాట దేని గురించో తెలియదు. ఫొటోలు సరిదిద్దే యాప్ అడోబీ లైట్‌రూమ్‌లో ఆల్బమ్‌ లింకు పంపితే ఈ రెండు ఇబ్బందులూ తీరతాయి. ఏ ఫొటో వ్యాఖ్యలు ఆ ఫొటో దగ్గరే ఉంటాయి. చూడటానికి ఖాతా అక్కర్లేదు, రాయడానికి లాగిన్ కావాలి. కంప్యూటర్‌లో వాడే లైట్‌రూమ్ క్లాసిక్ నుంచి సింక్ చేస్తే వెళ్లేది అసలు ఫొటో కాదు, పొడవు వైపు 2560 పిక్సెళ్లకు కుదించిన కాపీ (స్మార్ట్ ప్రివ్యూ). కూర్పు, వెలుగు, రంగు గురించి మాట్లాడుకోవడానికి అది చాలు. ఫోకస్ కంటిపాప మీదే పడిందా అని తేల్చడానికి చాలదు.

అసలు చిక్కు వేరే ఉంది. ముందు రాసినవారి వ్యాఖ్య అందరికీ కనబడుతుంది. "చేయి షేక్ అయింది" అని ఒకరంటే మిగతా కళ్లూ అక్కడికే పోతాయి.

పోచంపల్లి మగ్గం దగ్గర 1/15 సెకను షట్టర్ వేగంతో, అంటే కదిలేవి చెదిరిపోయేంత నెమ్మదిగా, తీసిన ఫొటో అనుకోండి. నేత వేగం కనబడాలని చేతిని కావాలనే చెదరనిచ్చారు. ఉద్దేశం తెలియనివారు "1/250 పెట్టాల్సింది" అంటారు. అలా పెడితే ఆ వేగమే పోతుంది. తెలిసినవారి నుంచి రావాల్సిన మాట ఇది: చేతితోపాటు ముఖమూ చెదిరింది, కన్ను ఆనడానికి చోటు లేదు. మగ్గం చట్రం కూడా చెదిరి ఉంటే కెమెరా కదిలింది, ట్రైపాడ్ వాడాలి. చట్రం స్పష్టంగా ఉంటే నేతన్న తల కదిలింది. 1/30కి వెళ్లాలి, లేదా వరసగా పది పన్నెండు ఫ్రేములు తీసి తల నిలిచినదాన్ని ఏరుకోవాలి.

ఇలాంటి మాట రావాలంటే షేర్ సెట్టింగుల్లో మొదట వ్యాఖ్యలు, లైకులు, మెటాడేటా (షట్టర్ వేగం లాంటి కెమెరా వివరాలు) ఆపేయండి. 1/15 అన్న అంకె కనబడితే ఫొటో చూడకముందే తీర్పు వచ్చేస్తుంది. ఒక్కొక్కరూ విడిగా రెండు లైన్లు పంపాలి: కన్ను మొదట ఎక్కడికి వెళ్లింది, ఏం జరుగుతోందనిపించింది. అవి అందాక అన్నీ ఆన్ చేసి, ఏం చూపాలనుకున్నారో, అనుమానం ఎక్కడుందో మొదటి వ్యాఖ్యగా మీరే రాయండి. ఉద్దేశం ముందే చెప్పేస్తే ఫొటోలో లేకపోయినా అది ఉన్నట్టే కనబడుతుంది. ఐదుగురిలో ముగ్గురు ఒకేలా పొరబడితే లోపం ఫొటోలోదే. సమర్థించుకోకుండా "ఏది చూసి అలా అనిపించింది?" అని అడగండి.

ఫొటోలో ఒక భాగాన్ని గుర్తుపెట్టి రాసే వీలు ఇక్కడ లేదు. "ఎడమ అంచు, పైనుంచి మూడో వంతు" అని మాటల్లోనే చెప్పాలి. నమ్మకమైనవారికి జేపీజీ డౌన్‌లోడ్ ఇస్తే క్రాప్ చేసి చూపగలరు. చూసేవారిని ఫోన్‌లో తెరను పసుపుగా మార్చే నైట్ మోడ్ ఆపమనండి, లేకపోతే రంగుల మీద వచ్చే మాటకు విలువ లేదు. ఆల్బమ్‌కి ఆరు ఫొటోలు దాటితే వ్యాఖ్యలు పలచబడతాయి.

ఇప్పటికే లైట్‌రూమ్‌కి చందా కడుతున్నవారు తప్పక వాడాలి. దీనికోసమే కొనక్కర్లేదు: గూగుల్ డ్రైవ్‌లో ఫొటో తెరిచి, కావలసిన చోటు చుట్టూ గీసి వ్యాఖ్య రాయొచ్చు.