కారు ఏసీ బ్లోయర్ కనెక్టర్ కొనేవారికి హెచ్చరిక: తీగను గీరి చూడనిదే తీసుకోకండి

చంద్రపూర్, బల్లార్షా, రాజురా వైపు ఉంటూ కారు విడిభాగాలు కొనుక్కునే మన తెలుగువారికి ఈ విషయం తెలియాలని రాస్తున్నాను. మా కారులో ఏసీ గాలి ఒకటి, రెండు, మూడు నంబర్ల మీద ఆగిపోయి, నాలుగో నంబరు మీద మాత్రమే వస్తుండటంతో, చంద్రపూర్‌లోని ఒక దుకాణంలో, గాలిని తోసే ఫ్యాను (బ్లోయర్) వేగాన్ని తగ్గించే బ్లోయర్ రెసిస్టర్‌నూ, దానికి తగిలించే తీగల కనెక్టర్‌నూ కొన్నాము. రెసిస్టర్‌కు వంక పెట్టడానికి లేదు. కనెక్టర్ మాత్రం కొద్ది రోజులకే కాలిన వాసన వేసింది. డ్యాష్‌బోర్డు కింద నుంచి విప్పి చూస్తే, ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు మారి, కరిగి, పిన్నుకు అతుక్కుపోయి ఉంది.

అసలైన రాగి తీగ అని చెప్పి అమ్మిన ఆ తీగను బ్లేడుతో గీరితే, పలుచని ఎర్రటి పూత కింద తెల్లటి అల్యూమినియం బయటపడింది. పై తొడుగు పాత తీగ కంటే లావుగా ఉండటం వల్ల చూపుకు గట్టి సరుకులాగే కనిపిస్తుంది. అల్యూమినియం విద్యుత్తును మోసే శక్తి రాగితో పోలిస్తే సుమారు 60 శాతమే కాబట్టి, అదే లావు తీగ ఎక్కువగా వేడెక్కుతుంది.

చాలామంది ఫ్యూజ్ ఉంది కదా, ప్రమాదం రాదనుకుంటారు. ఇది పెద్ద పొరపాటు. బ్లోయర్ గట్టిగా తిరిగేటప్పుడు 20 ఆంపియర్ల దాకా తీసుకోవచ్చు. పిన్ను వదులై అక్కడ 0.1 ఓం నిరోధం ఏర్పడితే చాలు, ఆ ఒక్కచోటే 40 వాట్ల వేడి పుడుతుంది, అంటే ఇళ్లలో వాడే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ కంటే ఎక్కువ. కరెంటు హద్దు దాటదు కనుక ఫ్యూజ్ కాలదు, ప్లాస్టిక్ మాత్రం కాలుతుంది. మేము అడగబోతే, ఇంకా పెద్ద ఫ్యూజ్ వేసుకోమని ఆ దుకాణదారు సలహా ఇచ్చాడు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి, తీగలు మొత్తం అంటుకునే ప్రమాదం ఉంది.

మే నెలలో 45 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో ఏసీ గంటల తరబడి నడుస్తుంది కాబట్టి, కొనేముందే తీగ చివర గీరి చూడండి. బిగించేటప్పుడు తీగలను మెలిపెట్టి టేపు చుట్టనివ్వకుండా, క్రింపింగ్ (లోహపు తొడుగులో తీగను పెట్టి గట్టిగా నొక్కి బిగించడం) చేయించండి. కారు లోపలికి వచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా, బ్లోయర్ మోటారు బిగుసుకుపోతున్నా కొత్త కనెక్టర్ కూడా నిలవదు, వాటినీ అప్పుడే చూపించుకోండి. ఆటోమేటిక్ ఏసీ ఉన్న కార్లలో సాధారణంగా రెసిస్టర్‌కు బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది. ఒకదాని కనెక్టర్ మరొకదానికి సరిపోతుందని చెబితే నమ్మకండి.

పక్కా బిల్లు తప్పకుండా అడగండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. సిర్పూర్, ఆసిఫాబాద్ నుంచి వచ్చి ఇక్కడ కొనేవారు కూడా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, తాము నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోగా ఫిర్యాదు చేయవచ్చు.